చొక్కా కింద పెద్ద తుపాకీ: రోజూ వెంట ఉంచుకోడానికి పెద్ద కాలిబర్ రివాల్వర్ ఎంచుకోవడం ఎలా

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా వైపు మనవాళ్ల వీకెండ్ పార్టీల్లో ఇళ్ల ధరలు, గ్రీన్ కార్డు క్యూ అయిపోయాక ఈ మధ్య తుపాకుల కబుర్లు కూడా వస్తున్నాయి. ఇండియన్ల ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకి తెలిసిపోయింది, గ్యాస్ స్టేషన్లో, లిక్కర్ స్టోర్లో రాత్రి కౌంటర్ దగ్గర నిలబడేవాళ్ల టెన్షన్ వాళ్లది. కొనేవాళ్లలో ఎక్కువమంది 9 ఎంఎం పిస్టల్ ఒకటి తీసుకుని ఊరుకుంటారు, నిజం చెప్పాలంటే చాలామందికి అది చాలు. ఇది రాస్తున్నది "నాకు రివాల్వరే కావాలి, అదీ .44 లేదా .45, అదీ రోజూ చొక్కా కింద పెట్టుకు తిరగాలి" అనే మొండివాళ్ల కోసం. నేనూ ఆ బ్యాచే కాబట్టి ఎందుకని అడగను. (ఈ నంబర్లు కాలిబర్, అంటే తూటా వెడల్పు, సుమారుగా అంగుళాల్లో.)

ముందు వీసా సంగతి

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2, ఇలాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్నారా, ఫ్రెండ్ ఇచ్చాడా అన్నది లెక్కలోకి రాదు. 2022లో చట్టం మారాక దీనికి శిక్ష 15 ఏళ్ల దాకా పడొచ్చు. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ ఆ సందులోంచి దూరే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, యూట్యూబ్‌లో ఎవరో చెప్పాడని కాదు. నన్నడిగితే గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఆగండి. గ్రీన్ కార్డు వచ్చాక సిటిజన్లలాగే ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసయ్యి కొనుక్కోవచ్చు. కాకపోతే తుపాకీకి సంబంధించిన కేసులో దోషిగా తేలితే గ్రీన్ కార్డున్నా దేశం నుంచి పంపించెయ్యొచ్చు, కాబట్టి పక్కింటి అమెరికన్‌కి ఫైనుతో పోయే తప్పు మనకి కొంప మీదికి రావచ్చు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. భర్త సిటిజన్, భార్య ఇంకా హెచ్1బీ, లేదా అటూ ఇటూ. అప్పుడు ఆ తుపాకీ సేఫ్ కోడ్ గానీ తాళం గానీ రెండోవాళ్ల దగ్గర ఉండకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలది కూడా అదే పరిస్థితి. వంటింటి డ్రాయర్లో పెట్టేసి "అది ముట్టుకోకండి" అంటే సరిపోదు.

రాష్ట్రాన్ని బట్టి రూల్సు పూర్తిగా మారిపోతాయి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అర్హత ఉన్నవాళ్లు లైసెన్సు లేకుండానే వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను ఎల్‌టీసీ (టెక్సాస్ ఇచ్చే క్యారీ లైసెన్సు) తీసుకోమనే చెప్తాను. స్కూలు చుట్టూ 1000 అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపేవాళ్లకి ఈ ఒక్క కారణం చాలు. పైగా వేరే రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆ లైసెన్సు చెల్లుతుంది. న్యూజెర్సీ వాళ్ల కథ వేరు: కొనడానికి ఐడీ కార్డు, ఒక్కో చేతి తుపాకీకి ఒక్కో పర్మిట్, వెంట తిరగడానికి మళ్లీ ఇంకో పర్మిట్. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత మామూలు జనానికి క్యారీ పర్మిట్ దొరకడం మొదలైంది గానీ హాలో పాయింట్ (కొన గుల్లగా ఉండి తగిలాక విచ్చుకునే) తూటాలతో బయట తిరగడం మీద అక్కడ ఆంక్షలున్నాయి, ఎడిసన్‌లో ఉండేవాళ్లు తూటా కొనేముందే ఇది చూసుకోవాలి. కాలిఫోర్నియాలో డీలర్ కొత్తగా అమ్మాలంటే ఆ మోడల్ రాష్ట్రం రోస్టర్‌లో, అంటే అనుమతించిన మోడళ్ల జాబితాలో ఉండాలి. ఇల్లినాయిలో తుపాకీ ఉంచుకోడానికి ఫాయిడ్ అనే ఐడీ కార్డు, వెంట తిరగాలంటే దాని మీద 16 గంటల క్లాసు. మోడల్ మీద మనసు పడేముందు మీ రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్ ఒకసారి చదవండి.

పెద్ద కాలిబర్ అసలు ఎందుకు

షాపులో కౌంటర్ వెనక ఆయన ".44 తగిలితే ఏనుగైనా పడిపోతుంది" టైపు మాటలు చెప్తాడు. పట్టించుకోకండి. చేతి తుపాకీ తూటా ఏదైనా అది చేసేది కన్నమే. 9 ఎంఎం, .38 తూటాల వెడల్పు 9 మిల్లీమీటర్లు, .44 తూటా దాదాపు 10.9, .45 కోల్ట్ దాదాపు 11.5. తేడా అంతే, రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ. ఎఫ్‌బీఐ తన పరీక్షల్లో చూసేది జెలటిన్ దిమ్మలో 12 నుంచి 18 అంగుళాలు దిగిందా లేదా అని, అది మంచి 9 ఎంఎం తూటా కూడా చేసి చూపిస్తుంది. ఎఫ్‌బీఐ కూడా మధ్యలో పెద్ద కాలిబర్ల దాకా వెళ్లి మళ్లీ 9 ఎంఎంకే వచ్చింది.

మరి మనకెందుకు అంటారా? పొట్టి బ్యారెల్ (తుపాకీ గొట్టం). రెండు రెండున్నర అంగుళాల బ్యారెల్లోంచి వచ్చే చిన్న తూటాకి వేగం తగ్గిపోతుంది, వేగం తగ్గితే హాలో పాయింట్ విచ్చుకోకపోవచ్చు. .44 స్పెషల్ లాంటిది మొదటి నుంచీ బరువైన, నిదానమైన తూటా. విచ్చుకున్నా విచ్చుకోకపోయినా పెద్ద కన్నమే చేస్తుంది, వేగం మీద ఆధారపడదు. పైగా ప్రెజర్ తక్కువ. .44 స్పెషల్‌కి గరిష్ఠ ప్రెజర్ 15,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .357 మ్యాగ్నమ్‌కి 35,000, .44 మ్యాగ్నమ్‌కి 36,000. ఈ అంకెల తేడా మీ చెవులకీ కళ్లకీ నేరుగా తెలుస్తుంది. చిన్న గదిలోనో కారులోనో పొట్టి బ్యారెల్ మ్యాగ్నమ్ పేలిస్తే ఆ మంటకి కళ్లు బైర్లు కమ్ముతాయి, చెవిలో గుయ్యిమని తప్ప ఇంకేం వినపడదు. రెండో తూటా సరిగ్గా వెయ్యాల్సిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

అందుకే నా లెక్క సూటిగా చెప్పేస్తాను: ముందు బరువు, తర్వాత మీ చేతికి పట్టు, తర్వాత దాక్కునే తీరు, ఆఖర్న కాలిబర్. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు. కాలిబర్ నంబర్ చూసి కొంటారు, రెండు వారాలు నడుముకి కట్టుకుంటారు, తర్వాత అది బెడ్‌రూం సేఫ్‌లో పడుకుంటుంది.

ఏ తూటా

.44 స్పెషల్ 1907 నాటిది. .44 మ్యాగ్నమ్ 1955లో దాన్ని కాస్త పొడవు చేసి, బాగా దట్టించి తయారు చేసింది. కాబట్టి మ్యాగ్నమ్ రివాల్వర్లో స్పెషల్ తూటా పడుతుంది, స్పెషల్ రివాల్వర్లో మ్యాగ్నమ్ దూరదు, దూర్చే ప్రయత్నం చెయ్యకూడదు కూడా. రోజూ వెంట ఉంచుకోడానికి నా ఓటు స్పెషల్‌కే. మ్యాగ్నమ్ అలాస్కాలో ఎలుగుబంట్లు తిరిగే చోట చేపలు పట్టేవాళ్లకి బాగుంటుంది, ఫ్రిస్కోలో హెచ్‌ఈబీ సూపర్ మార్కెట్ పార్కింగ్ లాట్‌లో దానికి పనేం లేదు. మ్యాగ్నమ్ తుపాకీ కొని స్పెషల్ తూటాలు వాడటం కూడా మంచి దారే, కాకపోతే బరువూ సైజూ మ్యాగ్నమ్‌వే మోయాలి.

.45 కోల్ట్ 1873 నుంచి ఉంది, ప్రెజర్ ఇంకా తక్కువ, 14,000. తూటా అద్భుతం, కానీ దాన్ని పేల్చే తుపాకులు ఎక్కువగా పెద్దవి, దాచుకునే సైజులో ఎంపిక తక్కువ. .45 ఏసీపీ పిస్టల్ తూటా, రివాల్వర్లో వాడాలంటే మూన్ క్లిప్ అనే పల్చటి ఉక్కు రేకుకి బిగించాలి. రీలోడ్ చెయ్యడం మామూలు రివాల్వర్ల కంటే చాలా ఫాస్ట్‌గా అవుతుంది, రేకుతో సహా అన్నీ ఒకేసారి లోపలికి, అన్నీ ఒకేసారి బయటికి. కానీ జేబులో పెట్టుకున్న క్లిప్ కాస్త వంగిందా, సిలిండర్ (తూటాలుండే తిరిగే డబ్బా) తిరగడం బరువైపోతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. జీన్స్ జేబులో కారు తాళాలతో కలిపి వేసుకునేవాళ్లు ఈ దారిలోకి రాకండి.

టారస్ జడ్జ్, స్మిత్ అండ్ వెసన్ గవర్నర్ గురించి అందరూ అడుగుతారు, .45 కోల్ట్‌తో పాటు .410 షాట్‌గన్ షెల్ కూడా పేలుతుంది కదా అని. చూడ్డానికి సరదాగా ఉంటుంది. ఆ షెల్ కోసం సిలిండర్ బాగా పొడవు చెయ్యాల్సి వచ్చింది, దాంతో దాచుకోవడం కష్టం, పైగా పొట్టి బ్యారెల్లోంచి వచ్చే చిన్న పిట్ట గుళ్లు లోతుగా దిగవు. పాముల్ని కొట్టడానికి పొలంలో ఉంచుకుంటానంటే సరే. నడుముకి వద్దు.

ఏ తుపాకీ

దాచుకునే .44 అనగానే మొదట వచ్చే పేరు చార్టర్ ఆర్మ్స్ బుల్‌డాగ్. 1973లో వచ్చింది, ఐదు తూటాలు, సుమారు 21 ఔన్సులు, అంటే 600 గ్రాములు. ఈ లిస్టులో ధర కూడా దీనిదే తక్కువ. ఫినిషింగ్ నగిషీ పనిలా ఉండదు, ట్రిగ్గర్ కొంచెం గరగరలాడుతుంది, ఒక్కో పీసు ఒక్కోలా ఉంటుంది కాబట్టి చేతిలోకి తీసుకుని చూసి కొనాలి, ఆన్‌లైన్‌లో ఫోటో చూసి కాదు. కానీ ఈ బరువులో, ఈ కాలిబర్‌లో, జీతం మీద బతికే మనిషికి అందే ధరలో ఇంకోటి చూపించమంటే కష్టమే. రోజుకి వందల రౌండ్లు కాల్చే తుపాకీ కాదిది. ఎక్కువ మొయ్యడానికి, తక్కువ కాల్చడానికి చేసినది.

రూగర్ జీపీ100 .44 స్పెషల్‌లో 2017లో వచ్చింది. 3 అంగుళాల బ్యారెల్, ఐదు తూటాలు, 36 ఔన్సులు, కిలో పైమాటే. ఐదు రౌండ్లు నింపితే ఇంకో వంద గ్రాములు. బరువు బాధ నడుముకి, సుఖం చేతికి: బుల్‌డాగ్‌లో చెంపదెబ్బలా తగిలే అదే తూటా ఇందులో మెత్తగా నెట్టినట్టుంటుంది. మంచి బెల్టు కట్టుకునే ఓపికుంటే నేను మొదట దీన్నే చూడమంటాను. కొత్తది దొరకకపోతే వాడినది వెతకండి, రూగర్లు అరగడానికి చాలా కాలం పడుతుంది. స్మిత్ అండ్ వెసన్ 696 కూడా ఇలాంటిదే, 3 అంగుళాలు, ఐదు తూటాలు, కానీ తయారీ ఎప్పుడో ఆపేశారు, ఇప్పుడు సేకరించేవాళ్ల ధర పలుకుతుంది. దాని బదులు అదే కంపెనీ మోడల్ 69 పొట్టి బ్యారెల్ వెర్షన్ చూడొచ్చు, 2.75 అంగుళాలు, .44 మ్యాగ్నమ్ అయినా ఎల్ ఫ్రేమే (ఆ కంపెనీ మధ్య సైజు బాడీ) కాబట్టి మరీ లావుగా ఉండదు, స్పెషల్ వేసుకుని తిరగొచ్చు.

స్మిత్ అండ్ వెసన్ 329పీడీ గురించి హెచ్చరిక. స్కాండియం ఫ్రేమ్, టైటానియం సిలిండర్, ఆరు తూటాల .44 మ్యాగ్నమ్, బరువు 25 ఔన్సుల చిల్లర. చేతిలోకి తీసుకోగానే మనసు లాగేస్తుంది, అంత తేలిక. మ్యాగ్నమ్‌తో పేల్చారంటే అరచెయ్యి చాలాసేపు గుర్తు చేస్తుంది. అసలు సమస్య నొప్పి కూడా కాదు. తేలిక తుపాకీ వెనక్కి అంత గట్టిగా తన్నినప్పుడు సిలిండర్లో మిగిలిన తూటాలు తమ తొడుగులోంచి ముందుకి జరుగుతాయి, ఒకటి బయటికి పొడుచుకొచ్చిందంటే ఫ్రేమ్‌కి అడ్డం పడి సిలిండర్ తిరగదు. రివాల్వర్ ఎప్పుడూ జామ్ అవ్వదని చెప్పేవాడికి ఇది చూపించండి. కొన్నా, అందులో మంచి క్రింప్ ఉన్న (తొడుగు అంచుని తూటా మీదికి గట్టిగా నొక్కి బిగించిన) స్పెషల్ తూటాలే వెయ్యండి. వాడే తూటా ఏదైనా సరే, ఐదు కాల్చి ఆరోదాన్ని బయటికి తీసి కాల్చని కొత్త తూటా పక్కన పెట్టి పొడవు పోల్చి చూడండి, పెరిగిందంటే ఆ బ్రాండ్ వద్దు.

రూగర్ సూపర్ రెడ్‌హాక్ అలాస్కన్‌ని కూడా కొందరు "పొట్టిగా ఉంది కదా" అంటారు. పొట్టే, 2.5 అంగుళాల బ్యారెల్. బరువు మాత్రం ఉత్తదే 45 ఔన్సుల దాకా.

కొలతల్లో చూడాల్సినవి

బ్యారెల్ పొడవు దాచుకోవడానికి అడ్డం అనుకుంటారు గానీ అడ్డం వచ్చేది సిలిండర్ లావు, గ్రిప్ పొడవు. స్మిత్ అండ్ వెసన్ చిన్న జే ఫ్రేమ్ సిలిండర్ వెడల్పు 1.3 అంగుళాలుంటే ఎల్ ఫ్రేమ్‌ది దాదాపు 1.56, పెద్ద ఎన్ ఫ్రేమ్‌ది 1.7. ఎన్ ఫ్రేమ్ ఆరు తూటాల .44 నడుముకి కట్టుకుంటే లావు మనిషికి ఎలాగోలా సర్దుకుంటుంది, అయిదడుగుల ఐదంగుళాల బక్కపల్చటి మనిషికి చొక్కా పక్కన గడ్డలా కనపడుతుంది. ఐదు తూటాల సిలిండర్‌తో రాజీ పడండి.

బ్యారెల్ మూడంగుళాలు నాకు నచ్చుతుంది. అంతకంటే పొట్టిదైతే ఖాళీ తొడుగుల్ని నెట్టే ఎజెక్టర్ కడ్డీ కూడా పొట్టిదౌతుంది, తొడుగులు సగం బయటికొచ్చి వేలాడతాయి, గోరుతో పీకుకోవాలి. బెల్టు లోపల పెట్టుకునేవాళ్లకి ఇంకో అరంగుళం కిందికి దిగితే బయటికి కనపడేదేమీ మారదు.

గ్రిప్ కొన్నాక మార్చుకోవచ్చు. రబ్బరుది చేతికి సుఖం, కానీ కాటన్ చొక్కాని అతుక్కుని పైకి లాగేస్తుంది, వంగి లేచినప్పుడల్లా సర్దుకోవాలి. చెక్కది నునుపు, చొక్కా జారిపోతుంది, రీకాయిల్ (వెనక్కి తన్నే దెబ్బ) మాత్రం కాస్త కొరుకుతుంది. కింది అంచు గుండ్రంగా ఉన్నది చూసుకోండి, మూల తేలినది గుడ్డలోంచి పొడుచుకొస్తుంది. మన చేతులు సగటు అమెరికన్ చేతుల కంటే చిన్నవి. ఖాళీ తుపాకీ పట్టుకుని, పట్టు మార్చకుండా చూపుడు వేలు మొదటి కణుపు దగ్గరి మెత్త ట్రిగ్గర్ మీదికి సరిగ్గా వస్తుందా చూడండి. వేలి కొన మాత్రమే అందుతుంటే ఆ ఫ్రేమ్ మీది కాదు, సేల్స్‌మన్ ఏం చెప్పినా సరే. డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (వెనకున్న సుత్తిని, అంటే హ్యామర్‌ని, ముందే లాగకుండా నేరుగా నొక్కేది) నొక్కడానికి 10 నుంచి 12 పౌండ్లు పడుతుంది, వేలు అందని చేతికి ఆ బరువు లాగుతుంటే గురి పక్కకి పోతుంది. హ్యామర్ కొమ్ము కోసేసిన మోడల్ దొరికితే ఇంకా మంచిది, తీసేటప్పుడు గుడ్డకి తగులుకోదు.

వాడినది కొంటుంటే

డీలర్ని అడిగి, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకుని, సిలిండర్ మూసి హ్యామర్‌ని బొటనవేలితో బాగా మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ ఆగే లోపే సిలిండర్ టక్కుమని లాక్ అవ్వాలి. ఐదు గదులకీ ఇలాగే చూడాలి, ఒకటి ఆలస్యంగా లాక్ అయినా టైమింగ్ పోయినట్టే. తర్వాత ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదపండి, లొడలొడలాడితే వదిలెయ్యండి. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉండటం మామూలు, ఫీలర్ గేజ్ తీసుకెళ్తే కొలిచెయ్యొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. బ్యారెల్ వెనక మూతి దగ్గర చీలికలున్నాయేమో టార్చ్ వేసి చూడండి. సిలిండర్ వేగంగా తిప్పి, మణికట్టు విదిలించి టప్పున మూసే సినిమా స్టైల్ చేసినవాడి తుపాకీ కొనకండి, క్రేన్ (సిలిండర్‌ని పట్టి ఉంచే చెయ్యి) వంగిపోయి ఉంటుంది.

హ్యూస్టన్ ఉక్క మన విజయవాడ ఉక్క లాంటిదే, చెమటకి నల్ల బ్లూయింగ్ పూత ఉన్న ఉక్కు నెలల్లో తుప్పు చుక్కలు పెడుతుంది. స్టెయిన్‌లెస్ తీసుకోండి, అదైనా రాత్రి తుడిచి పెట్టాలి. తోలు హోల్‌స్టర్‌లో పెట్టి సేఫ్‌లో పడెయ్యకండి, తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది.

బెల్టు, హోల్‌స్టర్, మన పద్ధతులు

కిలో బరువు మామూలు ఆఫీసు బెల్టుకి వేలాడదీస్తే ప్యాంటు జారుతుంది, తుపాకీ పక్కకి వాలుతుంది. గట్టి గన్ బెల్టుకి డబ్బులు పెట్టండి. హోల్‌స్టర్ ఆ మోడల్ కోసమే చేసినదై ఉండాలి, ట్రిగ్గర్ గార్డ్ పూర్తిగా మూసుకోవాలి, తుపాకీ తీశాక కూడా నోరు తెరుచుకునే ఉండాలి. అన్నిటికీ సరిపోతుందని అమ్మే గుడ్డ సంచి లాంటివి వద్దు. జేబులో .44 కుదరదు, హ్యాండ్‌బ్యాగ్‌లో అస్సలు వద్దు, బ్యాగు కుర్చీకి తగిలించి పక్కకి వెళ్లే అలవాటు అందరికీ ఉంటుంది.

టెక్సాస్ ఎండల్లో జాకెట్ వేసుకోలేరు కాబట్టి వదులు చొక్కా, బొమ్మలున్నదైతే ఇంకా మంచిది, సాదా గుడ్డ మీద కనిపించే ఉబ్బు డిజైన్‌లో కలిసిపోతుంది. కుర్తా పైజామా చూడ్డానికి అనువుగా ఉంటుంది గానీ పొడవాటి కుర్తా పైకి లాగి తియ్యడం అంత తేలిక కాదు, నాడా కట్టుకున్న పైజామా బరువు మొయ్యదు.

అమెరికన్ గైడ్లలో దొరకని సంగతులు కొన్ని. మనం కింద కూర్చుంటాం. బాసింపట్టు వేసుకుంటే బెల్టు లోపల ముందు వైపు పెట్టుకున్న తుపాకీ పొత్తికడుపులో గుచ్చుకుంటుంది, నాలుగు గంటల స్థానంలో (కుడి తుంటి వెనక) పెట్టుకుంటే ముందుకి వంగినప్పుడు వెనక చొక్కా పైకి లేస్తుంది. సత్యనారాయణ వ్రతంలో గంటన్నర కూర్చోవాల్సిన వాళ్లు, పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టాల్సినవాళ్లు ఆ రోజుకి ఇంట్లో సేఫ్‌లో పెట్టేసి రండి. సాష్టాంగ నమస్కారం చేస్తున్న మనిషి నడుము మీద రివాల్వర్ పిడి తేలితే గుళ్లో ఏమవుతుందో ఊహించుకోండి. టెక్సాస్‌లో గుడి వాళ్లు 30.06 బోర్డు (తుపాకీ తేవద్దనే చట్టబద్ధమైన నోటీసు) పెడితే లైసెన్సున్నా దాచుకుని లోపలికి వెళ్లకూడదు. బార్ల దగ్గర ఎర్రటి 51 శాతం బోర్డు (ఆదాయంలో సగం పైన మద్యం అమ్మకాలదేనని తెలిపేది) ఉన్నచోట కూడా అంతే. పోస్టాఫీసు, ఫెడరల్ బిల్డింగులు ఎక్కడైనా నిషేధం, అంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో వేలిముద్రలకి వెళ్లే రోజు కూడా. పార్టీల్లో కౌగిలింతలు, వీపు మీద చరుపులు మనవాళ్లకి ఎక్కువ. మందు తాగే పార్టీకి అయితే తుపాకీ రాకూడదు, దీని మీద చర్చే లేదు.

తూటాలు, ప్రాక్టీసు

వెంట ఉంచుకోడానికి స్పీర్ గోల్డ్ డాట్ 200 గ్రెయిన్లది, అంటే 13 గ్రాముల తూటా, పొట్టి బ్యారెల్‌కి బాగా పనికొస్తుంది. రీకాయిల్ తట్టుకోలేని వాళ్లకి హోర్నడీ క్రిటికల్ డిఫెన్స్ 165 గ్రెయిన్లది ఉంది, తేలిక తూటా కాబట్టి బుల్‌డాగ్‌లో తేడా తెలుస్తుంది. ప్రాక్టీసుకి మామూలు సీసం తూటాలు. ఒకటి మాత్రం చెప్తాను, .44 స్పెషల్ ఏ సూపర్ మార్కెట్లోనూ గుట్టలుగా ఉండదు, 9 ఎంఎం కంటే మూడు నాలుగు రెట్లు ఖరీదు, కొన్నాళ్లు అసలు దొరకదు. నెలకి ఒక పెట్టె కొనే బడ్జెట్ లేదనుకుంటే ఇక్కడే ఆగి .38 తీసుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇంట్లో చేసే ప్రాక్టీసుకి మాత్రం ఖర్చు లేదు. తూటాలన్నీ వేరే గదిలో పెట్టేసి, సిలిండర్ రెండుసార్లు చూసి, ఉత్తుత్తి స్నాప్ క్యాప్‌లు వేసుకుని, వెనక మనుషులు లేని గట్టి గోడ వైపు ట్రిగ్గర్ నొక్కడం. అమెరికా ఇళ్ల లోపలి గోడలు అట్ట లాంటి డ్రైవాల్, ఏ తూటా అయినా రెండు మూడు దాటిపోతుంది, కాబట్టి ఇటుక గోడో పుస్తకాల బీరువానో చూసుకోండి. ముందు సైట్ కదలకుండా ట్రిగ్గర్ చివరిదాకా వచ్చేలా రోజూ కాసేపు. హ్యామర్ వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో కాల్చడం మర్చిపోండి, అవసరం పడ్డప్పుడు అంత టైం ఉండదు.

రేంజ్‌లో మిమ్మల్ని మీరు పరీక్షించుకోవాలంటే టెక్సాస్ ఎల్‌టీసీ టెస్ట్ పెట్టుకోండి: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 250 పాయింట్లకి 175 వస్తే పాస్. ఇది చాలా తేలిక టెస్ట్. మీ .44తో ఇది తడబడకుండా పాసవ్వలేకపోతే ఇంకా వెంట తీసుకెళ్లే స్థితి రాలేదన్నమాట. ఐదు తూటాలే కాబట్టి రీలోడ్ కూడా అలవాటు చేసుకోవాలి. స్పీడ్ లోడర్ (తూటాలన్నీ ఒకేసారి దింపే గుండ్రటి పరికరం) వేగం, కానీ జేబులో ఉబ్బు. స్పీడ్ స్ట్రిప్ (తూటాల్ని వరసగా పట్టుకునే పట్టీ) పల్చన, కానీ నిదానం. నేను స్ట్రిప్ వైపే. రేంజ్‌లో చెవులకి రెండు పొరలు వేసుకోండి, లోపల ప్లగ్, పైన మఫ్.

తిరిగి హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు తొందర వద్దు. వేలు బయట, చొక్కా అంచు పక్కకి, కళ్లతో చూస్తూ. తమ కాలిని తామే కాల్చుకునేవాళ్లలో చాలామంది ఈ క్షణంలోనే కాల్చుకుంటారు. చెయ్యి జారి పడిపోతుంటే గాల్లో పట్టుకోబోకండి, ఇప్పటి డబుల్ యాక్షన్ రివాల్వర్లు పడితే పేలకుండా లోపల ఏర్పాటు ఉంటుంది, పట్టుకోబోయిన వేలు ట్రిగ్గర్ మీద పడితే ఆ ఏర్పాటు కాపాడలేదు.

ఇంటికి రాగానే సేఫ్‌లోకి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి అందేలా లోడ్ చేసిన తుపాకీ వదిలేస్తే అది తల్లిదండ్రుల మీద కేసు. మంచం పక్కన వేలితో తెరుచుకునే చిన్న లాక్‌బాక్స్ గోడకో మంచానికో బిగించి పెట్టుకోండి, ఊరికే పెడితే దొంగ బాక్స్‌తో సహా పట్టుకుపోతాడు.

ఇంకొకటి, ఇండియాకి వెళ్లే వాళ్లకి. రేంజ్‌కి వాడే బ్యాగు వేరే, ప్రయాణం బ్యాగు వేరే, రెండూ ఎప్పుడూ కలవకూడదు. బ్యాక్‌ప్యాక్ అరలో మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి దొరికినా ఆయుధాల చట్టం, 1959 కింద కేసు పెట్టొచ్చు, అమెరికాలో లైసెన్సుందని చూపిస్తే అక్కడ లెక్కలోకి రాదు, సెలవులు కోర్టు చుట్టూ తిరగడానికే సరిపోతాయి. జాకెట్ జేబులు, లాప్‌టాప్ బ్యాగు అరలు, కారు డిక్కీలో ఉండి సూట్‌కేస్‌లోకి మారే షాపింగ్ సంచులు, టికెట్ కొన్న రోజే అన్నీ తిరగేసి దులపండి.